అక్కడ చల్లగానే ఉంది

చెప్పుతో కొట్టాలనిపించిన రోజులున్నాయి. కాఫీలో ఏదైనా కలిపేద్దామా అని ఒక్క క్షణం అనిపించి, అదే ఫ్లాస్కులోంచి అక్క కూడా తాగుతుందని గుర్తొచ్చి చెంచా కింద పెట్టిన రోజూ ఒకటుంది. చివరికి చిన్నది ఒక నిర్ణయానికి వచ్చింది. బావని కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఒకే ఒక్క మాట, ఆయన నోటితోనే, నలుగురి ముందు అనిపిస్తే చాలు.

ఇంట్లో ఆమెని పిలిచేది అలాగే. అక్క పెద్దది కాబట్టి ఈమె చిన్నది. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది, నగరం కింద ఒక సొరంగానికి సొరంగం ఆమె బాధ్యతలో ఉంది, అయినా చిన్నదే. వీళ్ళిద్దరి తర్వాత పుట్టినవాడు తమ్ముడు. పగంతా వాడి కోసమే.

ఆ సొరంగంలో మనిషి తల వంచకుండా నడవచ్చు. గోడ వెంట లావుపాటి కరెంటు కేబుళ్ళు వెళ్తుంటాయి. వాటిని ఆనుకుని వెంట్రుకంత సన్నని గాజు తీగ ఈ చివర నుంచి ఆ చివరకి ఉంటుంది. పై గదిలోని యంత్రం ఆ తీగలోకి వెలుగు వదులుతుంది. దారి పొడవునా ఆ వెలుగులో పిసరంత వెనక్కి తిరిగొస్తూ ఉంటుంది. వచ్చిన వెలుగులో తేడాని బట్టి అక్కడెంత వేడి ఉందో చెప్పచ్చు. రావడానికి పట్టిన సమయాన్ని బట్టి అదెంత దూరంలో ఉందో చెప్పచ్చు. అడుగడుక్కీ ఒక థర్మామీటరు గుచ్చినట్టన్నమాట.

అయితే ఒక చిక్కుంది. యంత్రానికి తెలిసేది తీగ పొడవే, సొరంగం పొడవు కాదు. తీగ ఎక్కడైనా తెగితే అతుకు వేస్తారు. మిగులు తీగని చుట్టగా చుట్టి గోడ మీద పెట్టెలో దాస్తారు. ఆ చుట్టలో ఎంత తీగ ఉందో యంత్రానికి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ పెట్టెకి అవతల ఉన్నవన్నీ ఉన్న చోటు కంటే దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఈ పనిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు ఇది. అలాంటి చుట్ట ఒకటి ఉంటుందనే బయటివాళ్ళకి తెలీదు.

తమ్ముడు కుర్రాడిగా ఉన్నప్పుడు పై గదిలో యంత్రం ముందు కూర్చునేవాడు. ఆ ఉద్యోగం వేయించింది బావే. అప్పట్లో సొరంగంలో అతుకులు వేసేదీ ఆయనొక్కడే. ఒక ఉదయం యంత్రం తెర మీద వేడిని చూపే గీత ఒకచోట సూదిలా పైకి లేచింది. రెండు కేబుళ్ళని కలిపే జాయింటు ఒకటి కాలిపోతోంది. కింద పని చేసుకుంటున్న జాయింటు మేస్త్రీకి తమ్ముడు ఫోన్ చేశాడు. కరెంటు ఆపిస్తున్నానని చెప్పి, "వేడెక్కింది అవతలి జాయింటు. అటు కదలకు. నీ పక్కనున్నదాని దగ్గరే ఆగు, అక్కడ చల్లగానే ఉంది," అన్నాడు.

మేస్త్రీ నమ్మి ఆగాడు. పేలింది ఆ పక్కనున్నదే. మేస్త్రీ మళ్ళీ పైకి రాలేదు.

విచారణలో బావని అడిగారు, యంత్రం చోటు తప్పుగా చూపించే వీలుందా అని. "అసంభవమండీ. వెలుగు అబద్ధమాడదు. చూసేవాడు చూపెక్కడో పెట్టుకుని కూర్చున్నాడు," అన్నాడు బావ. ఇంటికొచ్చి, "కేసు లేకుండా ఉద్యోగం పోవడంతోనే సరిపెట్టించాను, మన బుజ్జిగాడు కదా," అన్నాడు. అమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆ కృతజ్ఞతతోనే ఆవిడ కన్ను మూసింది. ఇప్పుడు తలుచుకుంటే చిన్నదానికి అన్నిటికంటే అదే కడుపులో రగిలేది.

తమ్ముడు ఆ తర్వాత ఎవరి మీదా గొంతెత్తలేదు. గదిలో కూర్చుని పాత పుస్తకాలకి అట్టలు కడతాడు. దారిలో ఎవరైనా ఆపి ఫలానా వీధి ఎటండీ అని అడిగితే మొహం పాలిపోతుంది, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతాడు. ఇంకొకరికి ఇటు వెళ్ళు, అక్కడ ఆగు అని చెప్పే అర్హత తనకి లేదని వాడి నమ్మకం.

పోయిన వేసవిలో పాత తీగ తీసి కొత్తది వేయించే పని చిన్నదాని మీద పడింది. గోడ మీది పాత పెట్టెలు ఒక్కొక్కటే విప్పిస్తూ వెళ్ళింది. ఒకదాంట్లో చుట్ట కనిపించింది. అందరూ కుడి చేత్తో ఒక వైపుకి చుడతారు. ఇది ఎదురు వైపుకి చుట్టి ఉంది. ఆ సొరంగంలో ఎడం చేత్తో పని చేసినవాడు బావ తప్ప ఇంకెవరూ లేరు. చుట్ట విప్పి నేల మీద పరిచింది. సరిగ్గా ఒక జాయింటుకీ పక్కదానికీ మధ్య ఎంత దూరముందో అంతే ఉంది తీగ.

ఆమె అక్కడే కూలబడింది. ఊడ్చే మనిషి ఏం జరిగిందో అడగకుండా తన స్టూలు తెచ్చి ఆమె వెనక పెట్టి, చీపురు తీసుకుని ఇంకో వైపుకి వెళ్ళిపోయాడు. ఆ అడక్కపోవడం ఆమెకి ఎంతో మేలనిపించింది.

యంత్రం చూపించే దూరంలోంచి ఆ చుట్ట పొడవు మేర కోత ఎప్పుడో వేసేసి ఉంది. ఆమె ఉద్యోగంలో చేరేటప్పటికే ఉంది. మొదటినుంచీ ఉందేమో అనుకుంది ఇన్నాళ్ళూ. మొదటినుంచీ ఉంటే మేస్త్రీ బతికేవాడు. అంటే ప్రమాదం జరిగాక బావ తన మరుపుని గుర్తించాడు, చడీచప్పుడు లేకుండా సరిచేశాడు, తమ్ముణ్ణి ముందుకి తోశాడు. ఇంటివాడు కదా, నోట్లో నాలుక లేనివాడు కదా.

నిలదీస్తే ఏమంటాడో ఆమెకి తెలుసు. 'ఆ చుట్ట ప్రమాదం తర్వాత పెట్టాను మరదలా' అంటాడు. ఎప్పుడు చుట్టారో చుట్ట చెప్పదు. చెప్పాల్సింది ఆయనే. వెలుగు అబద్ధమాడదన్న నోటితోనే, చూసేవాడి తప్పు కాదు అనాలి.

*

కొత్త తీగని పరీక్షించి అనుమతి ఇవ్వడానికి పరీక్షాధికారి వస్తున్నారనగా, ముందు రోజు పొద్దున్న అక్క ఇంట్లో కాఫీలవుతున్నాయి. అనుమతి వస్తే బావ సంస్థకంతటికీ పెద్ద అవుతాడు. ఆ హుషారు ఆయన చొక్కా ఇస్త్రీలోనే కనిపిస్తోంది.

"ఏం మరదలా, రేపు నీ సొరంగం పరువు నా చేతిలో పెడుతున్నావు. భయంగా లేదూ?"

"భయమెందుకు బావా, ఇంతమంది పరువు పెట్టుకున్న చెయ్యి. నాదొక్కటీ బరువా?"

"చూశావటే, మీ చెల్లి పొగుడుతోందో పొడుస్తోందో ఇన్నేళ్ళయినా తెలిసి చావదు నాకు!"

"పొడిచే ఉంటుంది," అంది అక్క వంటింట్లోంచి. "పొగిడితే మీకు జలుబు చేస్తుందని దానికి తెలుసు."

బావ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మంచి నవ్వే. చెడ్డవాడు చెడ్డగానే నవ్వితే లోకంలో ఎంత సులువుగా ఉండేదో అనుకుంది చిన్నది. అక్క మొహం చూడకుండా కప్పు కడిగి బోర్లించి బయల్దేరింది.

ఆ మధ్యాహ్నం సొరంగంలోకి దిగింది. పరీక్ష అయ్యేదాకా ఆ వైపు కేబుళ్ళన్నిటికీ కరెంటు ఆపేశారు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదని స్విచ్చుల దగ్గరికెళ్ళి కళ్ళారా చూసుకుంది, తిరిగొచ్చి మళ్ళీ చూసుకుంది. కొత్తగా వేసిన గాజు తీగలు రెండు. ఒకటి జిగురులాంటి మెత్తని పదార్థంలో వదులుగా తేలుతుంది. దాన్ని ఎవరూ లాగలేరు, అందుకని దానికి వేడొక్కటే తెలుస్తుంది. రెండోది గోడకి అంటించేశారు. గోడ ఎక్కడ పగిలినా, నేల ఎక్కడ కుంగినా అది కూడా సాగుతుంది. అందుకే పై గదిలో ఇప్పుడు గీతలు రెండు, వేడి గీత, సాగుడు గీత. తమ్ముడి కాలంలో వేడి గీత ఒక్కటే ఉండేది.

మెట్లకి కాస్త ఇవతలున్న పెట్టె తెరిచి, రెండు తీగలూ కోసి, మధ్యలో కొత్త చుట్ట కలిపి అతుకులు వేసింది. యంత్రానికి ఏమీ చెప్పలేదు.

*

పరీక్షాధికారి సన్నగా, పొడుగ్గా ఉన్న ముసలావిడ. సంచిలోంచి రబ్బరు వేడినీళ్ళ సంచీ తీసి తన సహాయకుడి చేతిలో పెట్టింది.

"నా మోకాళ్ళ కోసం కొన్నాను. ఉద్యోగానికే ఎక్కువ వాడుతున్నాను," అంది. "ఇతను దీన్ని సొరంగంలో తనకి తోచిన చోట తీగ మీద పెడతాడు. ఎక్కడో నాకూ తెలీదు. మీరు ఇక్కణ్ణుంచి చెప్పండి. చాలా ఏళ్ళ తర్వాత వచ్చాను ఈ గదికి. అప్పుడు కూడా మీరే మాట్లాడారు కదూ?"

"మీ జ్ఞాపకశక్తికి దణ్ణం పెట్టాలండీ," అన్నాడు బావ.

ఆవిడ పాత విచారణలో కూర్చున్నవాళ్ళలో ఒకరని చిన్నదానికి ముందే తెలుసు. ఇన్నాళ్ళు ఆగింది ఆవిడ వచ్చే రోజు కోసమే.

అనుకోనిది ఒకటే జరిగింది. యంత్రం ముందు బావ కూర్చుంటాడనుకుంది. ఆయన కుర్చీ వెనక్కి లాగి, "నేను చెబితే నా గొప్ప అంటారు. మా డేగమ్మ చెప్తుంది," అన్నాడు. డేగమ్మంటే రోజూ ఆ యంత్రాన్ని చూసే ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి. గీతలో నలుసంత మార్పు కూడా ఆవిడ కన్ను దాటిపోదని ఆఫీసంతా పెట్టిన పేరది. డేగమ్మ చీర కొంగు సర్దుకుని కూర్చుంది.

కాసేపటికి వేడి గీత ఒకచోట మెల్లగా ఉబ్బింది.

"పంపు గది గుమ్మం పక్కన సార్," అంది డేగమ్మ.

బావ ఆవిడ భుజం మీంచి వంగి చూశాడు. "అవును. పంపు గది గుమ్మం. సందేహమే లేదు."

పరీక్షాధికారి ఫోన్ స్పీకరులో పెట్టింది. "బాబూ, ఎక్కడున్నావు? పంపు గది గుమ్మం పక్కనేనా?"

"మెట్ల కిందండీ," అంది ఫోను. "పంపు గదా? అది ఇంకా చాలా అవతలండీ, ఇక్కణ్ణుంచి కనపడను కూడా కనపడదు."

బావ మెడ మీద నరం ఒకటి ఎగిరింది. ఆ నరాన్ని చూస్తూ చిన్నది కడుపు నిండినట్టు ఊపిరి తీసుకుంది. పోయిన వేసవి నుంచీ ఉన్న ఆకలి అది.

బావ గిర్రున తిరిగాడు. తిరిగింది యంత్రం వైపు కాదు.

"ఏం చూశావమ్మా నువ్వు? చూపెక్కడ పెట్టుకుని కూర్చున్నావు?"

అవే మాటలు. తమ్ముడి మీద వేసినవే, పొల్లు పోకుండా. మడిచి జేబులో పెట్టుకు తిరుగుతున్నట్టున్నాడు.

"నా చూపుకేం సార్," అంది డేగమ్మ, మొహం ఎర్రబడింది. "గీత ఎక్కడ లేస్తే అక్కడే చెప్పాను. మీరూ వంగి చూశారు, సందేహమే లేదన్నారు. మీ చూపు ఎక్కడ పెట్టుకున్నారు మరి?"

"చూశారా నోరు! మనిషి పొరపాటండీ ఇది," అన్నాడు బావ పరీక్షాధికారితో. "యంత్రం తప్పు చెప్పదు. ఈవిణ్ణి రేపటినుంచి కుర్చీలోంచి తప్పిస్తాను."

చిన్నదానికి ఒళ్ళంతా మంట లేచింది. వల పన్నింది ఆయన కోసం, పడింది ఇంకొకావిడ. చేతికి దొరికిన మనిషి ఉన్నంతసేపూ ఈయన యంత్రం వంక చూడడు. డేగమ్మ కళ్ళు తుడుచుకోకుండా బిగబట్టుకుంది. తమ్ముడు కూడా ఇలాగే బిగబట్టుకుని ఉంటాడు ఆ రోజు. నోరు విప్పి అంతా చెప్పేద్దామనుకుంది. చెప్పేస్తే ఆ మాట ఆయన నోటినుంచి ఇక ఎప్పటికీ రాదు.

ఈలోగా పరీక్షాధికారే అంది, "మనిషి పొరపాటైతే మీరిచ్చిన శిక్షణ బాగాలేనట్టు. అనుమతి వాయిదా వేస్తాను. మీ పదవి సంగతి కూడా అప్పటిదాకా ఆగాల్సిందే."

"బావా," అంది చిన్నది. గొంతు ఎంత మెత్తగా వచ్చిందంటే ఆమెకే భయమేసింది. "మనిషి పొరపాటు కాకపోతే అనుమతి ఆగదు కదా. ఒక్కసారి సాగుడు గీత కూడా చూడండి. మీకు తెలిసినంత మాకెవరికి తెలుసు."

బావ కుర్చీలో కూర్చున్నాడు. రెండో గీత తెరిచి, మొదటినుంచి నెమ్మదిగా జరుపుతూ వెళ్ళాడు. ఒక్కసారి ఆగాడు. మొహం వెలిగింది. పని వచ్చినవాడి మొహం అలా వెలగడం చూస్తే, పగవాడిదైనా బాగుంటుంది.

"దొరికింది! ఇటు రండమ్మా, చూపిస్తాను. గోడకి అంటించిన తీగ ఎప్పుడూ ఇలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎక్కడో ఒకచోట గోడ లాగుతూనే ఉంటుంది కదా. ఇదిగో, మెట్లకి ముందు ఇక్కడ మాత్రం నున్నగా, చాప పరిచినట్టుంది. అంటే ఇంత మేర తీగ గోడని అంటుకుని లేదు. పెట్టెలో వదులుగా చుట్టి ఉంది. ఎవరో చుట్ట పెట్టారు, యంత్రానికి చెప్పలేదు. దాంతో అవతలున్నవన్నీ దూరం జరిగాయి!"

"అలా జరుగుతుందా?" అంది పరీక్షాధికారి.

"జరక్కేం? చుట్ట ఎంతుంటే అంత."

"మరి డేగమ్మ కనిపెట్టాల్సింది కాదా బావా?" అంది చిన్నది.

"ఎలా కనిపెడుతుంది? వేడి గీతలో చుట్ట తెలీదు. సాగుడు గీత ఉంది కాబట్టి నేనైనా పట్టుకున్నాను."

"వేడి గీత ఒక్కటే ఉంటే?"

"అయితే ఆ కుర్చీలో దేవుణ్ణి కూర్చోబెట్టినా చోటు తప్పే చెప్తాడు. చూసేవాడి తప్పు ఏముంటుంది అందులో? తప్పు చుట్ట పెట్టి చెప్పనివాడిది!"

అన్నాక విన్నాడు. తను అన్నది తనే విన్నాడు. మౌసు మీద ఉన్న ఎడం చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఈ చుట్ట నేను పెట్టాను," అంది చిన్నది. "నిన్న మధ్యాహ్నం. కరెంటు లేనప్పుడే. డేగమ్మకి ఏమీ తెలీదు. డేగమ్మా, నన్ను క్షమించు, నిన్ను కూర్చోబెడతారనుకోలేదు." పరీక్షాధికారి వైపు తిరిగింది. "పాత తీగకి కూడా ఇలాంటి చుట్టే ఉండేదమ్మా, జాయింట్ల మధ్య దూరమంత. అప్పుడు సాగుడు గీత లేదు. మా తమ్ముడు కూర్చున్నాడు."

పరీక్షాధికారి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. బావ వైపు చూసింది. "అప్పుడు మిమ్మల్ని అడిగింది నేనే. అసంభవమన్నారు."

'ఆ చుట్ట తర్వాత పెట్టాను' అంటాడని చిన్నది ఎదురు చూసింది. దానికి జవాబు కూడా నాలుక చివర సిద్ధంగా ఉంది. బావ పరీక్షాధికారిని చూడలేదు. మరదల్ని చూశాడు.

"ఇంట్లో మాట్లాడుకుందాం," అన్నాడు.

అంతకంటే ఏం కావాలి? ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ అర్థమైపోయింది.

"నువ్వు చేసింది కూడా తప్పే," అంది పరీక్షాధికారి చిన్నదానితో. "పనిలో ఉన్న తీగని కోశావు. రాయకుండా ఉండలేను."

"రాయండి. ఉద్యోగం పోతుందని తెలిసే కోశాను."

"ఇదీ రాస్తాను, అదీ రాస్తాను. పాత విచారణ మళ్ళీ తెరవమని కూడా రాస్తాను." ఆవిడ డేగమ్మ వైపు తిరిగింది. "మంచినీళ్ళు తెస్తావా తల్లీ? వీళ్ళిద్దరికీ."

డేగమ్మ రెండు గ్లాసులు తెచ్చింది. తను అన్ని మాటలు పడ్డా, బావకి కూడా గ్లాసు చేతికందించింది. బావ గటగటా తాగాడు. ఆ గుక్కెడు నీళ్ళు కూడా ఆయనకి దొరక్కపోతే బాగుండేదనిపించింది చిన్నదానికి. అలా అనిపించినందుకు సిగ్గుపడదామని చూసింది, సిగ్గు రాలేదు.

*

తమ్ముడి గదిలో సాయంత్రపు ఎండ పుస్తకాల దొంతర మీద పడుతోంది. చిన్నది కూర్చోకుండానే అంతా చెప్పింది. వాడు జిగురు కుంచె పట్టుకుని, చుక్కలు నేల మీద కారుతున్నా చూసుకోకుండా విన్నాడు.

"బావ ఏమన్నాడు? ఆ మాట మళ్ళీ చెప్పు."

"దేవుణ్ణి కూర్చోబెట్టినా చోటు తప్పే చెప్తాడు. చూసేవాడి తప్పు ఏముంటుంది."

"ఆయన గొంతుతో చెప్పు."

చెప్పింది. చిన్నప్పటినుంచీ అందరి గొంతులూ అనుకరించడం ఆమెకి వచ్చు. వాడు మళ్ళీ చెప్పించుకున్నాడు. ఈసారి పెదాలు తనూ కదిపాడు.

ఏడుస్తాడనుకుంది. పట్టుకోవడానికి ఒక అడుగు ముందుకి కూడా వేసింది. వాడు కుంచెని బల్ల మీద పెట్టి, "వెధవ," అన్నాడు.

చాలా మెల్లగా అన్నాడు, కొత్త భాషలో మొదటి మాట పలుకుతున్నట్టు. తర్వాత కాస్త గట్టిగా. తర్వాత లేచి నిలబడి, గోడలు అదిరేలా. "ఇంట్లో తిన్నాడు! అమ్మ చేతులు పట్టుకుని ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డాడు! నేను ఆ మనిషిని చంపానని పడుకునేవాణ్ణి, చంపానని లేచేవాణ్ణి, ఈయన వచ్చి నా భుజం తట్టి వెళ్ళేవాడు! భుజం తట్టేవాడే!" బల్ల మీదున్న కప్పు తీసి గోడకేసి కొట్టాడు. పక్క వాటావాళ్ళు గోడ మీద టకటకా తట్టారు. "తట్టండి! ఇంకా తట్టండి!" అని వాళ్ళ మీదా అరిచాడు.

ఇన్నేళ్ళూ వాడు తిట్టుకున్నది ఒక్కణ్ణే, తనని. ఇప్పుడా తిట్లన్నీ చేరాల్సిన మనిషికి చేరుతున్నాయి. ఒక్కొక్క బూతూ చిన్నదాని చెవిలో పాటలా పడుతోంది. ఆమె తలుపు దగ్గరగా వేసి మంచం మీద తీరిగ్గా కూర్చుంది.

సంచిలో ఫోను మోగింది. అక్క. ఏమని మాట్లాడాలో, ఏడుస్తున్న అక్కకి ఏం చెప్పాలో చిన్నదానికి తెలీదు. తెలీకుండానే చేసింది ఇదంతా. ఆ లెక్క కూడా తన దగ్గరికి వస్తుంది, ఈ రాత్రే వస్తుంది. మోగి మోగి ఫోను ఊరుకుంది.

తమ్ముడు రొప్పుతూ చుట్టూ చూస్తున్నాడు.

"ఇంకో కప్పుందా?"

"అలమరలో ఉన్నాయి," అంది చిన్నది. "సాసర్లు కూడా ఉన్నాయి."